ఖద్దరు రవిక కుట్టుకొనుటకు ముందు

కృష్ణదేవిపేట పేరు వినినంతనే మనకు అల్లూరి సీతారామరాజు జ్ఞప్తికి వచ్చును. 1922 ఆగస్టు 23వ తేదీన ఆయన అనుచరులతో అచ్చటి పోలీసుఠాణాపై దాడి చేసి ఆయుధములు కైకొనెను. ఆయన సమాధియు నచ్చటనే యున్నది. తుపాకి పట్టుటకు ముందే ఆయన మన్యపు ప్రజలకు మద్యము మానుడనియు, ఖద్దరు ధరింపుడనియు బోధించెను.

ఖద్దరు ధరింపుమని చెప్పుట సులభమే. అది పుట్టు విధము తెలిసినగాని దాని విలువ తెలియదు. ఆ తీరాంధ్రముననే, శ్రీకాకుళముజిల్లాలోని పొందూరు సన్నఖద్దరునకు ప్రసిద్ధి. అచ్చటి స్త్రీలు మొదట పత్తిని వాలుగచేప దవడయెముకతో దువ్వుదురు. దాని సన్నని పండ్లు చెత్తను దీసి పోగులను సరిచేయును. తరువాత చెక్కపలకపై ఇనుపకడ్డీని దొర్లించి గింజలు విడదీయుదురు. దూదిని ఏకి, ఏకులు చుట్టి, మాయకుండ అరటిపట్టలో దాచుకొని, ఒంటికదురు రాట్నముపై వడుకుదురు. నూఱవ నంబరు నూలనగా ఒక్క పౌనుకు 84,000 గజములు. అనగా 47 మైళ్లకు పైబడిన దారము! అంతయు ఒక స్త్రీ వ్రేళ్లనడుమనుండి రావలసినదే.

ఇంత శ్రమకు దక్కు కూలి స్వల్పము. అందుచేతనే తల్లులు వడికినను కూఁతుండ్రు రాట్నము చెంతకు వచ్చుటకు వెనుదీయుచున్నారు. కొనువారు వెల తగ్గింపుమని గీచిగీచి బేరమాడిన కొలఁది ఆ విద్య మఱింత త్వరగా అంతరించును.

సోదరీమణులారా! కొనిన బట్టను పాడుచేయకుండుటయు ఆ శ్రమను గౌరవించుటయే. ఖద్దరును తెచ్చిన వెంటనే కత్తిరింపరాదు. ఒక రాత్రి నీట నానవైచి, గంజి వదలించి, నీడలో ఆరవేయవలెను. లేనిచో కుట్టిన తరువాత ముడుచుకొని రవిక బిగియును. రవిక పొడవు పడుగుపోగుల వెంట వచ్చునట్లు కత్తిరింపుడు; ఏటవాలుగా కోసినచో సాగి ఆకారము చెడును. అంచులలో అంగుళము మడత విడిచినచో, ఒడలు మాఱినపుడు విప్పి వదులు చేసికొనవచ్చును. మిగిలిన పీలికలను పాఱవేయక, చంకల క్రింద వేయు ముక్కలకును, చిరిగినచోట అతుకులకును ఉంచుకొనుడు. ప్రాఁతచీరతో కలిపి కుట్టినచో పసిబిడ్డకు మెత్తని బొంతయగును.

ఇఁక అంగడిలో బేరమాడఁబోవునపుడు ఆ 47 మైళ్ల దారమును ఒక్కమాఱు తలఁచుకొనుడు.