ప్రతి కార్డూ లెక్కలోకి రావాలి

మా గోల్ఫ్ క్లబ్ కెప్టెన్ గారికి, హ్యాండిక్యాప్ కమిటీ సభ్యులకు,



ఈ ఏడాది క్లబ్ కప్పు ఎవరికి పోతుందో మొదటి టీ మీద బంతి పెట్టకముందే క్యాడీలు చెప్పేశారు. వాళ్ళు చెప్పినట్టే జరిగింది. 22 హ్యాండిక్యాప్ స్ట్రోకులు చేతిలో పెట్టుకుని దిగిన సభ్యుడు గ్రాస్ 84 కొట్టి, నెట్ 62తో కప్పు తీసుకెళ్ళారు. పార్ 72 కోర్సు మీద నెట్ 62! ఆయన పేరు ఇక్కడ రాయను, అది నాకు అక్కర్లేదు. ఆ 22 ఆయనకు ఇచ్చింది మన క్లబ్, దాన్ని చూసుకోవాల్సింది మీరు. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాను.

డెబ్బై ఏళ్ళ తాతయ్యా, పద్దెనిమిదేళ్ళ మనవడూ ఒకే రోజు, ఒకే కోర్సు మీద, నిజంగా గెలుపోటముల కోసం ఆడగలిగే ఆటలు ఎన్ని ఉన్నాయి? గోల్ఫ్‌లో అది సాధ్యమవుతోందంటే ఆటగాడి స్థాయిని బట్టి స్ట్రోకులు ఇచ్చే హ్యాండిక్యాప్ వల్లే. పొద్దున్నే లేచి వచ్చే రిటైర్డ్ ఉద్యోగికీ, నిరుడే క్లబ్బు పట్టిన కొత్త సభ్యురాలికీ కప్పు మీద ఆశ పెట్టుకునే హక్కు ఇచ్చింది అదే. తూకం రాయి తప్పయితే కొట్లో సరుకు ఎంత మంచిదైనా ఏం లాభం? మన కోర్సు గ్రీన్లు ఎంత బాగున్నా, హ్యాండిక్యాప్ నిజం కాకపోతే పోటీ పోటీ కాదు.

ఈ పద్ధతి ఆషామాషీగా తయారైంది కాదు. అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ, స్కాట్లాండ్ కేంద్రంగా ఉన్న ఆర్ అండ్ ఏ కలిసి, అప్పటిదాకా ప్రపంచంలో విడివిడిగా నడుస్తున్న ఆరు పద్ధతులను ఒక్కటి చేసి 2020లో వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్ తెచ్చాయి. మన హ్యాండిక్యాప్ ఇండెక్స్ పట్టుకుని విశాఖ ఈస్ట్ పాయింట్‌కి వెళ్ళినా, గోల్కొండ కోటను ఆనుకుని ఉన్న హైదరాబాద్ కోర్సుకి వెళ్ళినా, అక్కడి కోర్సు ఎంత కష్టమో చెప్పే స్లోప్‌ని బట్టి మనకు రావలసిన స్ట్రోకులు లెక్క తేలిపోతాయి. చివరి ఇరవై రౌండ్లలో మేలైన ఎనిమిదింటి సగటే ఇండెక్స్. సగటు మేలైన వాటిది కాబట్టి, నిజాయితీగా ఆడేవాళ్ళు ఇరవై రౌండ్లలో ఏ నాలుగైదు సార్లో తప్ప తమ హ్యాండిక్యాప్‌ని మించి ఆడలేరు. ఒక హోల్‌లో కొంప మునిగినా నెట్ డబుల్ బోగీ దగ్గర లెక్క ఆగుతుంది. ఇంత ఆలోచించి కట్టిన పద్ధతి ఒక్క చోట మాత్రం నిస్సహాయం: ఇవ్వని కార్డుని అది చూడలేదు.

మన కోర్సు రేటింగ్ 71.2, స్లోప్ 125. ఇక్కడ 84 కొడితే డిఫరెన్షియల్, అంటే కోర్సు కష్టాన్ని లెక్కలోకి తీసుకున్న అంకె, 11.6 వస్తుంది. 93 కొడితే 19.7. శనివారం కొట్టిన 84 జేబులోనే ఉండిపోయి, ఆదివారం కొట్టిన 93 మాత్రం కంప్యూటర్‌లోకి ఎక్కిందనుకోండి. మేలైన ఎనిమిదింటిలో ఆ 11.6 చోట 19.7 కూర్చుంటే ఇండెక్స్ ఒకటి పెరుగుతుంది. ఒక్క కార్డు దాచినందుకు ఒక్క స్ట్రోకు! ఏడాది పొడుగునా ఇదే అలవాటైతే ఎక్కడ తేలతామో వేరే చెప్పాలా? 365 రోజుల్లో ఇండెక్స్ మరీ పెరిగిపోకుండా సాఫ్ట్ క్యాప్, హార్డ్ క్యాప్ ఉన్నాయని మీరు అనవచ్చు. అవి కొలిచేది మనిషి చేరుకున్న అతి తక్కువ ఇండెక్స్ నుంచి. మంచి కార్డులు అసలు లెక్కలోకి రానివాడి విషయంలో ఆ క్యాప్‌లకు పట్టు ఎక్కడ దొరుకుతుంది? కప్పు పోటీలో కొట్టిన 84కి సిస్టమ్ తనంతట తనే గెలిచినాయన ఇండెక్స్‌లో ఒక స్ట్రోకు కోసింది, నిజమే. ఆయన ఆటకీ అంకెకీ అసలు తేడా దాదాపు పది.

కార్డు ఇచ్చిన రోజున కూడా అంతా సవ్యంగా లేదు. ఈ మధ్య పదిహేడో గ్రీన్ మీద చూశాను. అప్పటిదాకా చక్కగా ఆడుతున్న మనిషి రెండడుగుల పట్‌ని నిలబడిన చోటు నుంచే, లైన్ కూడా చూడకుండా, ఒంటి చేత్తో తోశారు. బంతి కప్పు పక్కనుంచి జారిపోయింది. తిరిగి కొట్టిన పట్టూ అంతే. క్యాడీ కుర్రాడు జెండా పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. స్కోరు రాసే మార్కర్ ఏమీ అనకుండా ఆరు వేసి, చివర్లో సంతకం పెట్టేశారు. ఆ సంతకం అంటే సాక్ష్యం కదా! సాటి ఆటగాళ్ళే ఒకరి స్కోరుకి ఒకరు పూచీ ఉండాలన్నది ఈ పద్ధతికి మూలం. మనమేమో చాయ్ వచ్చేలోపు నాలుగు కార్డుల మీద గిలికేస్తున్నాం. నిజం తెలిసిన క్యాడీని అడగమని కొందరు సలహా ఇస్తున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. ఆ రోజు కూలీ ఇచ్చే సారు మీద చాడీ చెప్పమని ఒక కుర్రాణ్ణి నిలబెట్టడం అన్యాయం. అడగాల్సింది సంతకం పెట్టిన సభ్యుణ్ణి.

దీనికి తిరగేసిన జబ్బూ ఉంది. చెడ్డ కార్డులు దాచి, సింగిల్ ఫిగర్ అని చెప్పుకోవడం కోసం 9 హ్యాండిక్యాప్ పట్టుకుని తిరిగేవాళ్ళు. పోటీల్లో నష్టపోయేది వాళ్ళే అనుకుంటాం కానీ, ఫోర్‌బాల్‌లో వాళ్ళ జోడీగా పడినవాళ్ళని అడగండి.

ఇది మన ఒక్క క్లబ్ సమస్య కాదని నాకు తెలుసు. 1995లో అమెరికాలో పెబుల్ బీచ్ ప్రొ-యామ్‌లో ఒక జపాన్ వ్యాపారి 15 హ్యాండిక్యాప్ మీద ఆడి, ఒక ప్రొఫెషనల్‌తో కలిసి గెలిచాడు. స్వదేశంలో ఆయన హ్యాండిక్యాప్ 6 అని తర్వాత బయటపడింది. నిర్వాహకులు ఆ టైటిల్ వెనక్కి తీసుకున్నారు. అంత పేరున్న పోటీలో అంత పెద్దమనిషి విషయంలో వాళ్ళు వెనకాడలేదు.

మనకు అడ్డం వస్తున్నది మొహమాటం. గెలిచినాయన క్లబ్‌కి స్పాన్సర్లను తెస్తారు, సాయంత్రం మనతోనే కూర్చుంటారు, ఎలా అడుగుతాం? కానీ ఆయనను అడగలేకపోవడం వల్ల రెండో స్థానంలో మిగిలిపోయిన మనిషి మొహం కూడా ఒకసారి గుర్తు తెచ్చుకోండి. నెట్ 69 కొట్టి, ప్రతి కార్డూ వేళకి ఇచ్చే మనిషి. వచ్చే ఏడాది ఆడనని నాతో అన్నారు.

హ్యాండిక్యాప్ నిబంధనలు మీ చేతులు కట్టెయ్యలేదు. కార్డు ఇవ్వని రౌండ్‌కి పెనాల్టీ స్కోరు వెయ్యవచ్చు. ఆటకీ అంకెకీ పొంతన లేనప్పుడు, సభ్యుడికి ముందుగా చెప్పి, ఆయన మాట విని, ఇండెక్స్‌ని కనీసం ఒక స్ట్రోకు సవరించవచ్చు. మళ్ళీ మళ్ళీ అదే చేస్తే హ్యాండిక్యాపే ఉపసంహరించవచ్చు. ఏడాదికోసారి అందరి హ్యాండిక్యాప్‌లూ సమీక్షించమని ఆ నిబంధనలే సూచిస్తున్నాయి. మన దగ్గర ఆ సమీక్ష జరిగినట్టు నోటీసు బోర్డు మీద ఎన్నడూ చూడలేదు.

స్టార్టర్ దగ్గర రోజూ రాసే పుస్తకం ఉంది. ఎవరు ఏ రోజు, ఎవరితో ఎన్ని హోల్స్ ఆడారో అందులో ఉంటుంది. నెలకోసారి ఆ పుస్తకాన్నీ, కంప్యూటర్‌లోని స్కోర్లనీ పక్కపక్కన పెట్టండి. సరదా ఆట కదా, కార్డెందుకు అంటే ఒప్పుకోకండి. మ్యాచ్ ప్లేలో పట్ వదిలేసుకున్న హోల్‌కి కూడా ఎంత పడే అవకాశం ఎక్కువో ఆ అంకె వేసుకునే వీలు ఉంది. కార్డు ఏ రోజుది ఆ రోజే ఎక్కాలి, ఎందుకంటే గాలీ వానా ఆటను ఎంత కష్టం చేశాయో సిస్టమ్ తేల్చుకునేది ఆ రోజు అందిన స్కోర్లతోనే. ప్రతి సభ్యుడి చివరి ఇరవై స్కోర్లూ మిగతా సభ్యులు చూసుకునేలా పెట్టండి. టోర్నమెంట్ స్కోర్లకీ మామూలు రోజుల స్కోర్లకీ మధ్య తేడా ఎక్కువగా ఉన్నవాళ్ళని పిలిచి మాట్లాడండి.

సమీక్ష ఎవరితో మొదలుపెట్టాలన్న ఇబ్బంది ఉంటే నాతో మొదలుపెట్టండి. స్టార్టర్ పుస్తకంలో నా పేరున్న ప్రతి రోజుకీ కార్డు ఉందో లేదో చూసి, లేని రోజుకి పెనాల్టీ వెయ్యండి. ఆ తర్వాత గత మూడేళ్ళ కప్పు విజేతల స్కోర్లు తెరవండి. వచ్చే టోర్నమెంట్‌కి ఎంట్రీలు తీసుకోకముందే ఇదంతా పూర్తి చెయ్యమని మనవి.

ఇట్లు,
క్లబ్ సభ్యుడు