వాటా ఉంది, సంతకం ఏదీ?

తండ్రి పోయిన ఇంట, బుద్ధిమాంద్యం గల తమ్ముని గురించి అన్నలు తరచు అంటారు: "వాడికేం తెలుసు? మేం చూసుకోమా!" ఆ మాటలో ప్రేమ ఉండవచ్చు, అతని వాటా మాత్రం వారిది కాదు. పూర్వపు హిందూ న్యాయం పుట్టుకతో మతిలేనివారికి వారసత్వం నిరాకరించింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షను ఏ వ్యాధీ, వైకల్యమూ అందుకు అడ్డు కాదన్నది.

అయితే బ్యాంకు అడిగేది సంతకం. పద్దెనిమిదేండ్లు నిండిన బిడ్డ తరఫున తల్లి చేవ్రాలు సైతం దానంతటది చెల్లదు. ఇటువంటివారికి 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం క్రింద, కలెక్టరు సభ్యులుగా ఉండే స్థానిక కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. ఆయన ఆరు మాసాలలో ఆస్తుల జాబితా, ఏటేటా జమాఖర్చులు దాఖలు చేయాలి. "సొంత తమ్ముడికి లెక్కలా?" అని నొచ్చుకునే అన్నలున్నారు. అందుకే తల్లి జీవించి ఉండగానే తానే సంరక్షకురాలిగా దరఖాస్తు పెట్టుకోవడం మేలు.