ముందు గది, తర్వాతే కంప్యూటర్
చార్మినార్ పక్క గల్లీల్లో ఇంట్లోనే పాడ్‌కాస్ట్ పెట్టాలనుకునే కుర్రాళ్లు ముందుగా సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పరుగెత్తి, రంగురంగుల లైట్ల గేమింగ్ కంప్యూటర్ కొనుక్కొస్తున్నారు. డబ్బు దండగ. మాట రికార్డు చేయడానికి 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ ఎలాగూ ఉచితం. అసలు గొడవంతా గదితోనే. పాతబస్తీ ఇళ్లలో ఎత్తయిన పైకప్పు, నున్నటి గోడలు, బండల నేల. ఒక్క చప్పట కొడితే గదంతా మోగుతుంది. బయటేమో ఆటో హారన్లు, లాడ్ బజార్‌లో గాజుల బేరాలు. ఇక్కడ కండెన్సర్ మైకు పెడితే వీధి వీధంతా రికార్డవుతుంది. డైనమిక్ మైకు తీసుకుని నోటికి జానెడు లోపే పెట్టుకోండి, మీ వీపు వెనక రెండు రజాయిలు వేలాడదీయండి. కంప్యూటర్ ఫ్యాన్ రొద పెడుతోందా? చాలాసార్లు తప్పు దుమ్ముదే: కరెంటు తీసేసి, రెక్కలు తిరగకుండా వేలితో ఆపి, బ్రష్‌తో దులపండి. ఇక మిగిలిన రొదను తీసేయాలని సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ మరీ ఎక్కువ పెడితే గొంతు రేకుడబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. నన్నడిగితే దానికంటే హారనే నయం. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో ఒక మైకుతో గంట మాట్లాడితే వేవ్ ఫైలు సుమారు 518 ఎంబీ. అందుకే లైట్లకు పోసే డబ్బుతో విడిగా హార్డ్ డిస్క్ కొనండి. ఇవాళ మీ మైకు ముందు దక్కనీలో కబుర్లు చెప్పిన పెద్దాయన రేపు మళ్లీ దొరక్కపోవచ్చు. ఎడిటింగ్ మొదలెట్టకముందే అసలు ఫైలుకు రెండు కాపీలు తీసిపెట్టుకోండి.