బీరువాలో ఉందిలే అనుకుంటే...

ఈ వారం వంటింటి కబుర్లు కాస్త పక్కన పెడుతున్నాను. మనలో చాలామంది ఇళ్ళలో డిగ్రీ అయిన పిల్లలు ఉద్యోగాలకు అప్లికేషన్లు పెడుతున్నారు కదా. చదివేదీ వాళ్ళే, పరీక్ష రాసేదీ వాళ్ళే, మధ్యలో మనకేం పని అనుకుంటాం. పనుందని నాకు ఆలస్యంగా తెలిసొచ్చింది.

మా పెద్దమ్మాయి ఒక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం కోసం రెండేళ్ళు కష్టపడి చదివింది. రాత్రిళ్ళు టీ పెట్టివ్వడమే నా వంతు సాయం అనుకున్నాను. అప్లికేషన్ పెట్టేరోజు "అమ్మా, క్యాస్ట్ సర్టిఫికెట్ ఉందిగా?" అని అడిగింది. పోపు మాడిపోతోందన్న తొందరలో "బీరువాలో ఉందిలేవే" అన్నాను. ఉంది, నిజమే. కానీ అది ఇంటర్‌లో చేరేటప్పుడు తీసుకున్న రాష్ట్రం బి.సి. సర్టిఫికెట్. కేంద్ర ఉద్యోగాలకు అది పనికిరాదు. వాళ్ళ నమూనాలో ఓ.బి.సి. సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి. మనం 'క్రీమీలేయర్'లోకి రామని అందులో రాసి ఉండాలి. నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీకి సరిపోవాలి కూడా.

రాత పరీక్ష పాసై, సర్టిఫికెట్లు చూపించాల్సి వచ్చాక గానీ ఈ సంగతి తెలీలేదు. పరుగులు పెట్టి తెచ్చాం, తేదీ దాటిపోయింది. రిజర్వేషన్ వర్తించదన్నారు. ఓపెన్‌లో చూస్తే నాలుగు మార్కులు తక్కువ. పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఆ రాత్రి నేను వద్దంటున్నా వినకుండా గిన్నెలన్నీ తోమి బోర్లించి పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం బీరువా మొత్తం కింద పోశాను. గ్యాస్ పుస్తకం, పాత శుభలేఖలు, పాలవాడి చీటీల మధ్య పిల్లల భవిష్యత్తు నలిగి ఉంది! ఆ రోజు తెలుసుకున్నవే మీకు చెబుతున్నాను.

రాష్ట్రం బి.సి. జాబితా, కేంద్రం ఓ.బి.సి. జాబితా ఒకటి కావు. మీ కులం రెండింట్లోనూ ఉందో లేదో ముందే చూసుకోండి. ఓ.సి.ల్లో ఆదాయం తక్కువున్నవాళ్ళకు 2019 నుంచి ఇ.డబ్ల్యు.ఎస్. ఉంది గదా, ఆ సర్టిఫికెట్‌ను ఏ ఏడాదికాయేడు కొత్తగా తీసుకోవాలి. తహసీల్దారు ఆఫీసులో (మనమింకా ఎమ్మార్వో ఆఫీసనే అంటాం లెండి) ఒక్కరోజులో పనవదు. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకండి.

ఇక పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. మనకు రెండూ ఒకటే, కంప్యూటరుకు కాదు. టెన్త్ మెమోలో ఎలా ఉందో అలాగే ఆధార్‌లో దిద్దించండి. అదీ జాగ్రత్తగా, ఎందుకంటే ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టినతేదీ ఒక్కసారే మార్చనిస్తారు.

మా అన్నయ్య రోజుల్లో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజిలో పేరు రాయించి, పోస్ట్‌మ్యాన్ కోసం గుమ్మంలో కూర్చునేవాడు. ఇప్పుడు పిలుపు ఫోనుకో ఈమెయిల్‌కో వస్తుంది. కాబట్టి నెట్ సెంటర్ వాళ్ళ ఈమెయిల్ ఇవ్వనివ్వకండి, పిల్లల సొంతదే ఇవ్వాలి. అన్నట్టు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్, యు.పి.ఎస్.సి. పరీక్షలకు ఆడపిల్లలు ఫీజు కట్టనక్కర్లేదు. తెలీక మేం నెట్ సెంటర్‌లో 'పరీక్ష ఫీజు' అని అడిగితే ఇచ్చి వచ్చాం!

ఉద్యోగం ఇప్పిస్తాం, ముందు డిపాజిట్ కట్టండి అని ఫోనొస్తే మాత్రం ఎంత తీయగా మాట్లాడినా పెట్టేయండి. పొరపాటున డబ్బు పంపేస్తే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి.

మొన్న ఆదివారం పెద్దది మళ్ళీ అప్లికేషన్ పెట్టింది. ఈసారి ఫైలు నేనే తీసి ముందు పెట్టాను. కొత్త ఓ.బి.సి. సర్టిఫికెట్ పైనే ఉంది. ఒక్కో కాగితం తిప్పి చూసుకుని, "మిక్సీ గ్యారంటీ కార్డు కూడా ఇందులోనే పెట్టావేంటమ్మా?" అని నవ్వింది. చాన్నాళ్ళకు.