ఆరవ బోల్టు

మా కుటుంబం ఒహాయో రాష్ట్రంలో నివసిస్తున్నది. శీతకాలంలో మంచు కరగడానికి ఇక్కడి రోడ్లపై ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీటిలో పన్నెండు శీతకాలాలు తిరిగిన మా కారుకు నిరుటి వేసవిలో వాటర్ పంపు కారడం మొదలైనది. కొత్త పంపు కొనితెచ్చి, మా అబ్బాయిని పక్కన నిలబెట్టుకొని, నేనే మార్చడానికి ఉపక్రమించాను. ఐదు బోల్టులు సులభంగా వచ్చాయి. ఆరవది కదలలేదు. పానాకు ఇనుప గొట్టం తగిలించి బలంగా తిప్పాను. టక్కుమని తల విరిగి చేతికి వచ్చింది. లోహాల ఆక్సైడ్లపై పరిశోధించి డాక్టరేటు పుచ్చుకొన్నవాడిని. ఆ క్షణంలో గుర్తుకు రావలసినది ఒక్కటీ గుర్తుకు రాలేదు!

బోల్టు విరిగితే మన దురదృష్టమనో, నాసిరకం సరుకనో సరిపెట్టుకొంటాము. నా అభిప్రాయం వేరు. అది ముందుగానే ఊహించదగిన రసాయనచర్య. మా కారు ఇంజన్ దిమ్మ అల్యూమినియం, బోల్టు ఉక్కు. ఈ రెండూ ఒకదానినొకటి తాకుతూ ఉప్పునీటిలో తడిస్తే అక్కడ ఒక చిన్న బ్యాటరీ ఏర్పడుతుంది. అందులో అల్యూమినియం ఎలక్ట్రాన్లను వదలి క్షయిస్తుంది. తెల్లని పొడిగా మారి మరచుట్ల సందులను నింపుతుంది. ఉక్కు తుప్పు పట్టినా ఫలితమిదే. ఇనుము తుప్పుగా మారితే ఘనపరిమాణం రెండింతలకు పైగా పెరుగుతుంది. పదిమంది పట్టే గదిలో పాతికమంది చుట్టాలు దిగినట్లన్నమాట. కొన్ని బోల్టుల కొస కూలెంటు ప్రవహించే గదిలోకి చొచ్చుకొని ఉంటుంది. వాటికి లోపలి తడి కూడా తోడవుతుంది. నా ఆరవ బోల్టు అటువంటిదే.

కనుక కావలసినది కండబలం కాదు, వేడి, ఓపిక. ఒక్క సెంటీగ్రేడు డిగ్రీ వేడికి మీటరు పొడవు ఉక్కు సుమారు 12 మైక్రాన్లు సాగితే, అల్యూమినియం సుమారు 23 మైక్రాన్లు సాగుతుంది. బోల్టును కాక దాని చుట్టూ ఉన్న దిమ్మను వేడిచేస్తే రంధ్రం బోల్టుకంటే ఎక్కువ విప్పారుతుంది. పెట్రోలు గొట్టాల దగ్గర మంట పెట్టరాదని వేరే చెప్పనక్కరలేదు. వేడిగాలి గన్ను మేలు. ముందుగా కూలెంటును ఒంపి మూత పెట్టండి. అందులోని ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం, పిల్లలకూ పెంపుడు జంతువులకూ ప్రాణాంతకం.

మరచుట్లలోకి ఇంకే నూనె పోసి రాత్రంతా వదిలేయడం మంచిది. అందరి గరాజులలోనూ ఉండే డబ్ల్యూడీ-40 మొదట 1953లో నీటిని తొలగించడానికి తయారైనది. పేరులోని 40 నలభైయవ ప్రయత్నానికి గుర్తు. బిగుసుకొన్న బోల్టులకై ప్రత్యేకించిన నూనెలు వేరే దొరుకుతాయి. మరునాడు ముందు కొద్దిగా బిగించి, తరువాత వదులు చేయాలి. ఇలా అటూ ఇటూ కదిలిస్తే పొడి నలుగుతుంది. తల అంచులు అరగకుండా పన్నెండు మూలల సాకెట్టు మాని ఆరు మూలలది వాడాలి.

విరిగిన మొండెంలో రంధ్రం చేసి ఎక్స్‌ట్రాక్టరు దింపమని చాలామంది సలహా ఇస్తారు. నాకది సమ్మతం కాదు. అది గట్టి ఉక్కు. లోపల విరిగితే మామూలు డ్రిల్లు దానిని కోయలేదు. నేను అక్కడ ఆగి ఒక వెల్డరును పిలిచాను. పంపు తీసివేయగా పైకి కనబడుతున్న మొండేనికి ఆయన ఒక నట్టు అతికి, కాస్త చల్లారనిచ్చి, మెల్లగా తిప్పి తీసివేశాడు. ఆయన ఏమి చదివాడో తెలియదు. ఉష్ణవ్యాకోచం మాత్రం నాకంటే ఆయన చేతికి బాగా తెలుసు.

“మెకానిక్కుకు పారేసే డబ్బుకోసం శనివారం పాడుచేసుకోవాలా?” అని మిత్రులు ఎగతాళి చేశారు. లెక్క వారిదే సరి. పంపు టైమింగ్ బెల్టుతో తిరిగేదైతే పొరపాటుకు ఇంజనే పోవచ్చు. దాని జోలికి నేనూ పోను. కాని దసరాకు పానాలకు కుంకుమబొట్టు పెట్టి, ఏడాది పొడుగునా వాటిని ముట్టని ఇండ్లు మనవి. పిల్లలు లోహాల క్రియాశీలత క్రమాన్ని పరీక్షకు వల్లిస్తారు. అదే క్రమం గరాజులో తెల్లని పొడిగా రాలుతుంటే గుర్తుపట్టరు. నేనే గుర్తుపట్టలేదు, వారిని అనడమెందుకు?

కొత్త బోల్టులు బిగించే రోజున, కూలెంటు గదిలోకి వెళ్ళేదానికి సీలెంటు, మిగిలినవాటికి బిగుసుకుపోకుండా ఉంచే జిడ్డు పూశాను. “నాన్నగారూ, జిడ్డు ఉంటే రాపిడి తగ్గుతుంది కదా, పుస్తకంలోని బిగింపు అంకె పొడి బోల్టుకా, జిడ్డు బోల్టుకా?” అని అడిగాడు అబ్బాయి. మామూలుగా మనం తిప్పే బలంలో పదింట తొమ్మిది వంతులు రాపిడికే పోతాయి. రాపిడి తగ్గితే అదే అంకెకు బోల్టు అతిగా సాగుతుంది. పుస్తకం తీసి చూశాము. పొడి బోల్టుకే. అంకె తగ్గించి, ఆరవ బోల్టును వాడిచేతనే బిగింపించాను.