చీపురుకు కూడా సెలవుందట!

నవ్వకండి గానీ, జన్మలో మొదటిసారి విమానమెక్కి నేను చూసొచ్చింది నరకం!

సింగపూర్‌లో మా ఆడపడుచు ఇంటికి వెళ్లాం. దిగిన మర్నాడే చైనీస్ కొత్త సంవత్సరం. పొద్దున్నే అలవాటు కొద్దీ చీపురు అందుకున్నాను. "వదినా, ఈ రోజు ఊడవద్దు, అదృష్టం ఊడ్చుకుపోతుందంటారు ఇక్కడ" అంది. పండగపూట ఇల్లు ఊడవకూడదా! మా హుస్సేనీ ఆలం గల్లీలో పండగ మొదలయ్యేదే చీపురు చప్పుడుతో.

మధ్యాహ్నం తిందామని వెళితే హోటలు కొట్లు వరసగా షట్టర్లు దించి ఉన్నాయి. "ఇదేం పండగ, తిండికి దిక్కులేదు" అని మా ఆయన విసుగు. "వండేవాళ్లు కూడా పండగ చేసుకుంటున్నారండీ" అన్నాను. ఆయనకి ఎక్కలేదు.

మూడో రోజు హా పార్ విల్లాకి తీసుకెళ్లారు. తలనొప్పికి రాసుకుంటామే పులిబొమ్మ డబ్బా, టైగర్ బామ్, ఆ కంపెనీ యజమాని ఆ బూన్ హా 1937లో తమ్ముడి కోసం కట్టించిన తోట అది. వెయ్యికి పైగా సిమెంటు బొమ్మలు. ఎరుపూ పచ్చా నీలం, కళ్లు చెదిరే రంగులు. లోపల పది కోర్టుల నరకం. పెద్దల్ని లెక్కచేయనివాడి గుండె కోస్తారు. పన్ను ఎగ్గొట్టినవాణ్ని రాతి రోకలితో దంచుతారు. అన్నం పారేసినవాణ్ని రంపంతో రెండు ముక్కలు చేస్తారు.

మా ఆయన పగలబడి నవ్వుతూ ఫోటోలు తీశారు. నేను మాత్రం ఒక్కో శిక్షా శ్రద్ధగా చూశాను. తిన్న కంచం తీయనివాడికి ఏ కోర్టులోనూ శిక్ష లేదు! చివరి కోర్టులో ఒక ముసలమ్మ. మళ్లీ పుట్టబోయేవాళ్లకి గతజన్మ మరిచిపోయే టీ ఇస్తుందట. చూశారా, నరకంలో కూడా టీ ఇచ్చేది ఆడదే.

అక్కడి ఆడవాళ్లకి పనే లేదని కాదు. పండగ ముందు ఇల్లంతా కడుగుతారు, ముందురోజు రాత్రి కుటుంబమంతటికీ భోజనం సిద్ధం చేస్తారు. అయినా ఒక్కరోజు చీపురు పట్టడం తప్పని వాళ్ల ఆచారమే చెబుతోంది. అంతదూరం ఎందుకు, పక్కనున్న ఒడిశాలో రజ పండగ మూడు రోజులూ ఆడవాళ్లు నూరడం, వండడం మానేసి ఉయ్యాల ఊగుతారు. భూమాతకు విశ్రాంతి కాబట్టి వీళ్లకీ విశ్రాంతి.

మరి మన ఆచారాల్లో ఆ ఒక్క ముక్క ఏది? మడి ఎట్లా కట్టాలో ఉంది, ఉపవాసం ఎన్నాళ్లో ఉంది. ఆడది ఎప్పుడు కూర్చోవాలో లేదు. "ఇష్టంగా చేసుకుంటారు" అంటారు. ఇష్టమే, కాదనను. కానీ ఇష్టమైన పనికి కూడా నడుం నొప్పి పుడుతుంది. "అన్నపూర్ణ" అంటారు. ఆ బిరుదుతో గిన్నెలు తోమబడవు. ఇది ఒక్క మతం గోల కూడా కాదు. రంజాన్ పండగనాడు మా వెనకింటి ఆపా తెల్లవారుజామున షీర్ ఖుర్మా పొయ్యి మీద పెడితే, వచ్చేపోయేవాళ్లకి కప్పులు అందిస్తూ సాయంత్రందాకా నిలబడే ఉంటుంది.

నా సంగతి చెప్పనా? లాల్ దర్వాజా బోనాలకి ఆదివారం బోనమెత్తేది నేనే, చుట్టాలందరికీ యాటకూర వండేదీ నేనే. సోమవారం ఘటాల ఊరేగింపు చార్మినార్ మీదుగా వెళ్తుంది. మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరం. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి చూసిపోతారు. పెళ్లై ఇరవై మూడేళ్లు, నేను ఒక్కసారి చూడలేదు. డప్పుల చప్పుడు మాత్రం ఏటా విన్నాను, అంట్లు తోముతూ. సముద్రం దాటి సిమెంటు నరకం చూసొచ్చినదాన్ని, వీధి చివరి పండగ చూడలేదంటే ఎవరిది తప్పు? సగం నాదే. ఏనాడూ నోరు తెరిచి అడగలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. మీరూ అడగండి. పండగకి ఒక్కరోజు, చీపురూ పొయ్యీ మనం ముట్టని రోజు. దాన్నీ ఆచారంలో చేర్చండి, మీ కోడళ్లకీ కూతుళ్లకీ నేర్పండి. ముఖ్యంగా కొడుకులకి.

వచ్చే బోనాల సోమవారం నేను పని ముట్టనని, ఊరేగింపు చూడటానికి పోతానని ఇంట్లో చెప్పేశాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా ఆయన, "మరి టీ?" అన్నారు.

చక్కెర డబ్బా ఎక్కడుంటుందో చూపించాను.