అజ్ఞాత గవాక్షము

గూగుల్ సంస్థపై 2020 సంవత్సరమున కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయస్థానమున దాఖలైన వ్యాజ్యముయొక్క రాజీ షరతులు 2024 ఏప్రిలులో వెల్లడియైనవి. క్రోమ్ బ్రౌజరునందు "ఇన్‌కాగ్నిటో", అనగా అజ్ఞాత గవాక్షమును తెరచుకొన్నవారి సంచారమును సైతము సంస్థ కనిపెట్టుచుండెనని వాదుల అభియోగము. కోరిన పరిహారము 500 కోట్ల డాలర్లు. రాజీవలన వినియోగదారులకు దక్కిన ధనము సున్న.

ఇట్టి వ్యాజ్యములను పరిహసించుట నేడు పరిపాటియైనది. షరతులు చదువక యంగీకరించినవారిదే తప్పని కొందరందురు. తలుపుపై "అజ్ఞాతము" అని వ్రాసినది సంస్థయే గదా! నిర్దోషికి దాపరిక మేలయని మరికొందరి ప్రశ్న. ఇది మాకు క్రొత్త కాదు. 1898 సంవత్సరపు తపాలా చట్టమును చేతబట్టి పరప్రభుత్వము మన నాయకుల యుత్తరములు విప్పినప్పుడు, వారు దోషులు గనుకనే కోపించిరని యెవ్వరైన ననగలరా?

ధనము లెక్కించువారు ఒకటి మరచుచున్నారు. తప్పు నొప్పుకొనకయే సంస్థ వందల కోట్ల సంచార దాఖలాలను ధ్వంసము చేయుటకును, అజ్ఞాత గవాక్షమున అన్యసంస్థల కుకీలను అడ్డగించు ఏర్పాటును ఐదేండ్లు నిలుపుటకును అంగీకరించినది. కూడబెట్టిన సరుకును తగులబెట్టించుట వర్తకునకు జుల్మానాకంటె బరువని మా అభిప్రాయము. పైగా, వ్యక్తులు వేరుగా దావా వేసి నష్టపరిహారము కోరు హక్కును ఈ రాజీ హరింపలేదు.